పొట్లం మొదటిరోజు, పంచనామా పదో రోజు

2023 మార్చి 23న పెద్దవంగర మండలం రెడ్డికుంట తండా చేలల్లో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు నిలబడి, వడగండ్లకు ఒరిగిపోయిన పంటను చూశారు. యాసంగి మక్క చేతికందే వేళ, వరి గింజ గట్టిపడే వేళ కురిసిన రాళ్లవాన అది. ఆ ఒక్కరోజే ఆయన బోనకల్, పెద్దవంగర, దుగ్గొండి, రామడుగు మండలాలు తిరిగి, ఎకరాకు 10,000 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. రాష్ట్రమంతటా దెబ్బతిన్నది దాదాపు 2,28,000 ఎకరాలు. సాయం లెక్క 228 కోట్లు. కేంద్రం నిబంధనల ప్రకారం పోతే మక్కకు ఎకరాన 3,333 రూపాయలే వస్తాయని, అది ఏ మూలకూ చాలదని అన్నారు. కౌలుకు చేసినవాళ్లకూ ఈ డబ్బు అందాలని అధికారులకు చెప్పారు.

వడగండ్లు పడిన ఊరికి అన్నదాన బృందాలు రావు. వచ్చి చేసేదీ ఉండదు. ఇంట్లో బియ్యం ఉంటాయి, పొయ్యి వెలుగుతుంది, కప్పు నిలిచే ఉంటుంది. పోయింది నాలుగు నెలల కష్టం, దాని మీద తెచ్చిన అప్పు. ఆ లోటు పొట్లంతోనో దుప్పటితోనో పూడదు. బ్యాంకు ఖాతాలో పడే డబ్బుతోనే పూడాలి. అంత డబ్బు, అంతమందికి, ఒకే లెక్కన ఇవ్వగలిగింది సర్కారు ఒక్కటే.

ఏడాదిన్నర తిరిగేసరికి అదే మహబూబాబాద్ జిల్లాకు మరో తీరు ఆపద వచ్చింది. 2024 ఆగస్టు 31 రాత్రి కుంభవృష్టికి ఆకేరు వాగు ఒడ్డులు దాటింది. సెప్టెంబర్ 1 తెల్లవారేసరికి మరిపెడ మండలం సీతారాం తండా నీళ్లలో ఉంది. జనం ప్రాణాలు దక్కించుకున్నారు గానీ బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు, పట్టా పాసుపుస్తకాలు బురదపాలయ్యాయి. ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కోతకు గురై రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. కాజీపేట, విజయవాడ మార్గంలో రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. దిగువన తీర్థాల దగ్గర ఆకేరును కలుపుకునే మున్నేరు ఖమ్మం కాలనీల మీద పడింది.

ఇక్కడ మాత్రం పొట్లాలు పరుగెత్తుకొచ్చాయి. ఆ వారమంతా ఖమ్మం, మహబూబాబాద్ దారుల్లో డీసీఎంలు, ఆటో ట్రాలీలు. గుడి కమిటీలు, మసీదు కమిటీలు, చర్చి యువజన బృందాలు, కాలేజీ పిల్లలు, వ్యాపార సంఘాలు. వినాయక చవితి ఆ ఏడు సెప్టెంబర్ 7న పడింది. అంటే ఊరూరా చందాలు వసూలవుతున్న రోజులవి. పందిరి కోసం పోగైన డబ్బుకు, పందిరి కోసం పోగైన కుర్రాళ్లకు ఒక్కసారిగా వేరే పని దొరికింది.

ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సెప్టెంబర్ 3న సీతారాం తండాకు వచ్చారు. మునిగిన ప్రతి ఇంటికీ తక్షణం 10,000 రూపాయలు, చనిపోయినవారి కుటుంబానికిచ్చే పరిహారం 4 లక్షల నుంచి 5 లక్షలకు పెంపు, పాడి పశువుకు 50,000, మేకకు గొర్రెకు 5,000, పంటకు ఎకరాన 10,000 అని ప్రకటనలు వెలువడ్డాయి. ఎత్తైన చోట ఇందిరమ్మ ఇళ్లు కట్టిస్తామన్న హామీ కూడా. రాష్ట్ర ప్రభుత్వం నష్టాన్ని మొదట 5,438 కోట్లుగా, తర్వాత 10,000 కోట్లకు పైగా లెక్కగట్టింది. అక్టోబర్ 1న కేంద్రం తెలంగాణకు విడుదల చేసింది 416.80 కోట్లు.

ఈ రెండు సాయాలను పక్కపక్కన పెట్టి ఏది గొప్పదని అడగడం మనకు అలవాటు. గుడివాళ్లు వచ్చారు, సర్కారోళ్లు రాలేదు అని ఒకరు. ఫొటోల కోసం వచ్చి పోయారు, చివరికి ఆదుకున్నది సర్కారే అని మరొకరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే వాగు ఒడ్డున బతికే మనిషికి కావాల్సింది ఆ తీర్పు కాదు. మొదటిరోజు ఎవరు వస్తారు, పదో రోజు ఎవరు వస్తారు, ఏడాది తర్వాత ఎవరు ఉంటారు అన్నదే అతనికి లెక్క.

మొదటిరోజు సంగతి చూద్దాం. గుడి, మసీదు, చర్చి ముందు చేరడానికి కారణం భక్తి ఒక్కటే అనుకుంటే పొరపాటు. వాళ్ల దగ్గర గుండిగలు ఉంటాయి. శ్రీరామనవమి కల్యాణానికి వెయ్యి మందికి వండినవాళ్లకు వరదలో వెయ్యి మందికి వండడం కొత్త కాదు. రంజాన్ నెలంతా ఇఫ్తార్ ఏర్పాట్లు చూసిన కమిటీకి, క్రిస్మస్ ప్రేమవిందుకు వడ్డించిన యువతకు ఎవరు కూరగాయలు తేవాలో, ఎవరు ట్రాక్టర్ తోలాలో ఒకరు చెప్పక్కర్లేదు. మైకు ఉంటుంది, హాలు ఉంటుంది, ఫోన్లలో గ్రూపు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏ సంతకమూ అక్కర్లేదు. తహసీల్దారు బియ్యం విడుదల చేయాలంటే పైనుంచి ఆదేశం రావాలి. కమిటీ పెద్ద లేచి నిలబడి అనుకుంటే చాలు, బస్తా కదులుతుంది.

ఇక్కడో చిన్న సంగతి చెప్పుకోవాలి. హిందూ దేవాలయాల్లో పెద్దవి చాలావరకు దేవాదాయ శాఖ కింద ఉంటాయి. హుండీ సొమ్ము కదలాలంటే అక్కడా ఈవో, కమిషనర్, ఫైలు. అందుకే ఊరి కష్టానికి ముందు స్పందించేది ఊరివాళ్లే చందాలేసుకుని నడుపుకునే రామాలయం, అయ్యప్ప భజన బృందం, తండాలోని సేవాలాల్ గుడి. పెద్ద గుడి సంపద ఎక్కువ, వేగం తక్కువ.

ఈ వేగానికి హద్దులూ ఉన్నాయి. బండి పోయినంత దూరమే సాయం పోతుంది. తారు రోడ్డు పక్క కాలనీకి ఒకే పూట నాలుగు బృందాలు టిఫిన్ తెస్తాయి. రెండు కిలోమీటర్లు లోపలికున్న తండాకు సాయంత్రం దాకా ఎవరూ రారు. పాత బట్టలు గుట్టలుగా మిగిలిపోతాయి, వండిన అన్నం పులిసిపోతుంది, తాగే నీళ్లకూ క్లోరిన్ బిళ్లలకూ మాత్రం కొరత. చంటిపిల్లకు పాలపొడి, ఆడవాళ్లకు ప్యాడ్లు, బీపీ ఉన్న ముసలమ్మకు మాత్ర తేవాలన్న ఆలోచన రెండో రోజుకో మూడో రోజుకో గానీ రాదు. ఎవరికీ దురుద్దేశం ఉండదు. మొత్తం జిల్లాను ఒక్క చూపులో చూసేవాళ్లు ఆ బృందాల్లో ఉండరు, అంతే.

అలా చూసే చోటు ప్రభుత్వానికే ఉంది. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచినప్పుడు జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి అరిచారు. వాళ్లను దింపింది సైన్యం హెలికాప్టర్లు, ఎన్డీఆర్ఎఫ్ పడవలు. ఏ భక్త సమాజం దగ్గరా హెలికాప్టర్ ఉండదు. ఇంటికన్నె దగ్గర కొట్టుకుపోయిన కట్టను రాత్రింబవళ్లు పోసి నాలుగు రోజుల్లోపే రైళ్లు నడిపించింది రైల్వే. అక్కడ విరాళాలకు పని లేదు. కంకర వ్యాగన్లు, ఇంజినీర్లు, వందల మంది కూలీలు కావాలి.

ప్రభుత్వం చేసే అన్నిటికంటే పెద్ద మేలు, ముందే హెచ్చరించి జనాన్ని కదిలించడం, అసలు కంటికి కనిపించదు. దాన్ని చూడాలంటే కోస్తాకు పోవాలి. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడిన ఉప్పెన దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుందని అధికారిక అంచనా. పోయినవాళ్లు అంతకంటే ఎక్కువని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. రోజుల తరబడి శవాలను ఎత్తే దిక్కు లేదు. ఆ పనికి దిగినవాళ్లలో రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ కార్యకర్తలున్నారు, మదర్ థెరిసా వెంట వచ్చిన సిస్టర్లున్నారు. రామకృష్ణ మిషన్ సన్యాసులు వచ్చారు. క్రైస్తవ సంఘాల సేవా సంస్థ కాసా వచ్చింది. కుళ్లిన శవాన్ని చేతులతో ఎత్తి దహనం చేయడం జీతానికి చేసే పని కాదు. దానికి మనసులో ఏదో ఒక నమ్మకం గట్టిగా ఉండాలి. ఆ సంగతి దివిసీమలో తేలిపోయింది.

ఆ తర్వాత వీళ్లు ఇళ్లు కట్టారు, తుఫాను షెల్టర్లు కట్టారు. మూలపాలెం దగ్గర సంఘ్ కట్టించిన ఊరికి దీనదయాళ్‌పురం అని పేరు పెట్టారు. ఇల్లు ఇచ్చినవాళ్లు ఊరికి తమ నాయకుడి పేరు పెట్టుకోవడం న్యాయమేనా అన్నది వేరే చర్చ. ఇంటి పునాదిలోకి దాత నమ్మకం కూడా వచ్చి చేరుతుందన్న మాట మాత్రం నిజం.

పదమూడేళ్లకు, 1990 మే 9న, అంతే తీవ్రమైన తుఫాను అదే తీరాన్ని కొట్టింది. ఈసారి చనిపోయినవారు 967 మంది. ఆ 967 ప్రాణాలూ ప్రాణాలే. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చింది? రాడార్ ముందే చూసింది, వైర్‌లెస్ సెట్లు ఊరూరా హెచ్చరించాయి, అధికారులు 6 లక్షలకు పైగా జనాన్ని తీరం నుంచి కదిలించారు. వెళ్లనన్న వాళ్లను పోలీసులు బతిమాలి, బెదిరించి తీసుకెళ్లారు. జనం తలదాచుకున్న షెల్టర్లలో సర్కారు కట్టినవి కొన్ని, చర్చి సంస్థలు కట్టినవి కొన్ని. దాత కట్టిన గోడలోకి జనాన్ని చేర్చింది ప్రభుత్వపు ఆజ్ఞ. మతసంస్థ సేవా సర్కారు బాధ్యతా సరిగ్గా కలిసిన సందర్భం తెలుగు నేల మీద ఇంతకంటే మంచిది వెతికినా దొరకడం కష్టం.

బాధ్యత అన్న మాటకు హైదరాబాద్ చరిత్రలో ఇంకో నిదర్శనం ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ఊడ్చేసినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన మహళ్లు తెరిచి జనాన్ని చేర్చుకున్నారు, వంటశాలలు పెట్టించారు. మూసీని శాంతింపజేయడానికి ఆయన హిందూ ఆచారం ప్రకారం పూజ చేశారన్న కథ నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. పూజ సంగతి ఎలా ఉన్నా, తర్వాత ఆ రాజ్యం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ నిలిచాయి. మహల్లో పెట్టిన అన్నం ఆ వారం ఆకలి తీర్చింది. ఆనకట్టలు నగరాన్ని ఒక శతాబ్దం కాచాయి.

అయితే ప్రభుత్వం తన మంచితనంతో కూడా జనాన్ని చంపగలదని తెలుసుకోవాలంటే ధాత కరువు దాకా వెనక్కి పోవాలి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ఆ కరువు పీల్చి పిప్పి చేసింది. ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మట్టి మోసే కూలీకి రోజుకు ఒక్క పౌను ధాన్యం చాలన్నాడు. అంటే అరకిలో కూడా కాదు. ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ ఇది ప్రాణాలు తీసే కొలత అని మొత్తుకున్నాడు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని ఆ రోజుల్లోనే కరువు పనిగా తవ్వించారు.

ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకున్నాడు. డబ్బు సర్కారుది, మేస్త్రీలు మాత్రం అతని సంఘంలోని బోధకులు. కరువుకు అందరికంటే ముందు కూలిపోయింది మాదిగ కుటుంబాలు. మిగతా పనిచోట్ల మేస్త్రీల తిట్లు, తన్నులు, కూలిలో కోతలు భరించలేక వాళ్లు క్లౌ ముక్కకు నడిచివచ్చారు. అక్కడ పేరు పెట్టి పిలిచేవాడున్నాడు, కూలి లెక్క చెప్పేవాడున్నాడు. అదే కాలువ, అదే పార, అదే సర్కారు సొమ్ము; పని చేయించే మనిషి మారితే సాయం మారిపోయింది. సర్కారు సాయం ఎక్కడ విఫలమవుతుందో ఈ మూడున్నర మైళ్లు చెప్పినంత స్పష్టంగా ఏ నివేదికా చెప్పదు. డబ్బు ఉన్నా నమ్మకం లేకపోతే పేదవాడు ఆ గుమ్మం తొక్కడు.

ఇదే కథకు ఇంకో ముఖం ఉంది. కరువు సాయం సాగినంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా ఆపాడు. సాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలి రోజుల్లో అండగా నిలిచినవాడి దేవుణ్ణి వాళ్లు నమ్మారా, ఆ దేవుడు ఇచ్చిన గౌరవాన్ని నమ్మారా అన్నది వాళ్లకే తెలుసు. అయినా క్లౌ పెట్టుకున్న నియమం నేటికీ పనికొస్తుంది. ఏ మతం వాళ్లయినా సరే, పొట్లం ఇచ్చే చేత్తో కరపత్రం ఇవ్వకూడదు.

తెలంగాణలోనూ ఇలాంటి గుర్తు నిలిచి ఉంది. మెదక్ చర్చిని చూడడానికి వెళ్లే వేలమందిలో అది కరువు పనిగా లేచిన కట్టడమని ఎంతమందికి తెలుసో! 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబర్ 25న ప్రారంభించిన ఆ గుడి కోసం రాళ్లు మోసినవాళ్లకు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పనికి బదులు అన్నం పెట్టారు. కడుపు నిండింది, కట్టడం నిలిచింది. కానీ కరువు చెరువు తవ్విస్తే నీళ్లు ఊరందరివీ అవుతాయి. గుడి కట్టిస్తే అది గుడే అవుతుంది. మతసంస్థ చేతిలో సాయం ఉన్నప్పుడు ఏం కట్టాలో నిర్ణయించేది సాయం పొందినవాడు కాదు. ఈ తేడాను మరచిపోకూడదు.

మతసంస్థ చెరువులాంటి పనికే పూనుకున్న సందర్భమూ ఉంది. అనంతపురం జిల్లా ఫ్లోరైడ్ నీళ్లతో, కరువుతో అల్లాడుతున్నప్పుడు 1995, 96లలో శ్రీ సత్యసాయి ట్రస్టు వందలాది గ్రామాలకు తాగునీటి పైపులు వేయించింది. ఆ వేగాన్ని అప్పటి ఏ ప్రభుత్వ పథకమూ అందుకోలేదు. తర్వాత పథకాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. పంపులు తిప్పే కార్మికులు జీతాలు అందడం లేదని పలుమార్లు సమ్మెకు దిగారు, ఊళ్లకు నీళ్లు ఆగాయి. కట్టడానికి భక్తుల కానుకలు చాలాయి. ముప్ఫై ఏళ్లు నడపడానికి నెలనెలా జీతం పద్దు కావాలి, అది బడ్జెట్‌లో ఉండాలి.

సర్కారు ఖాతాలో డబ్బు వేసినంత మాత్రాన అది గమ్యం చేరుతుందనీ లేదు. 2020 అక్టోబర్ వరదల తర్వాత హైదరాబాద్‌లో ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. మొదట చేతికి నగదు ఇస్తుంటే మధ్యలో కోత పడుతోందని గొడవలయ్యాయి. తర్వాత మీసేవ కేంద్రాల ముందు మైళ్ల క్యూలు. నవంబర్ 18న జీహెచ్ఎంసీ ఎన్నికల కోడ్ పేరిట ఎన్నికల సంఘం పంపిణీని ఆపమంది. వరుసలో నిలబడిన ఆడవాళ్లు ఉత్త చేతులతో ఇంటికి పోయారు. ప్రభుత్వ సాయానికి ఎన్నికలు, ఫైళ్లు, సర్వర్లు అడ్డం వస్తాయి. మసీదు హాల్లో వండిన బిర్యానీకి ఏ కోడూ అడ్డం రాదు.

ఈ రెంటినీ ఒక పద్ధతిలో పెట్టుకున్న దేశాలున్నాయి. అమెరికాలో 1969 నాటి కమీల్ తుఫానులో అందరూ ఒకే పని చేయబోయి అయోమయం అయింది. మరుసటి ఏడే స్వచ్ఛంద సంస్థలన్నీ ఒక వేదిక కట్టుకున్నాయి. అప్పటి నుంచి క్రైస్తవ శాఖల్లో సదరన్ బాప్టిస్టులు వంటలకు, మెనోనైట్లు ఇళ్లు బాగుచేయడానికి, అడ్వెంటిస్టులు గోదాముల్లో విరాళాలు సర్దడానికి, బ్రెదరన్ సంఘం పిల్లల సంరక్షణకు పేరుపడ్డారు. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు ఫెడరల్ ప్రభుత్వం తడబడి ప్రపంచం ముందు తలదించుకుంది. బాప్టిస్టు వంటశాలలు కోటికి పైగా భోజనాలు వండాయి. అక్కడ కూడా ఇళ్ల పునర్నిర్మాణానికి వేల కోట్ల డాలర్లు పెట్టింది మళ్లీ ప్రభుత్వమే.

అంత దూరం పోనక్కర్లేదు. 2018 కేరళ వరదల్లో పడవలతో దూకినవాళ్లు తీరంలోని క్రైస్తవ, ముస్లిం మత్స్యకారులు. మాళ దగ్గర మసీదు మునిగితే పక్కనున్న రత్నేశ్వరి గుడి హాల్లో బక్రీదు నమాజు జరిగింది. మరుసటి ఏడు కవళప్పార కొండచరియలు విరిగిపడినప్పుడు పోతుకల్లు మసీదు తన ప్రార్థన గదిని పోస్టుమార్టం గదిగా ఇచ్చింది. అప్పుడు ఆ గదిలో టేబుల్ దగ్గర నిలబడినవాళ్లు ప్రభుత్వ వైద్యులు.

మళ్లీ మన వాగుల దగ్గరికి వద్దాం. ఆకేరు ఒడ్డు తండాలో మొదటి వారం గడిచింది, బురద ఆరింది, పొట్లాలు ఆగాయి. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. విపత్తు సహాయ నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం; అందులోంచి పైసా కదలాలంటే కాగితం కావాలి. పంట 33 శాతమో అంతకు మించో పోయిందని వ్యవసాయ విస్తరణాధికారి రాయాలి. గేదె చచ్చిందని పశువైద్యుడు రాయాలి. వాగులో కొట్టుకుపోయి కళేబరం దొరకని గేదెకు సాక్ష్యం ఎవరు? ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం అడుగుతారు. అవి వరదలోనే పోయాయి. 2020 సెప్టెంబర్‌లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేశాక ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఎవరి చేను ఎవరు దున్నుతున్నారో నోటి లెక్కగా తెలిసిన రెవెన్యూ మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. నష్టం రాసే పని పంచాయతీ కార్యదర్శి నెత్తిన పడింది.

అందరికంటే ఘోరంగా నష్టపోయేది కౌలు రైతు. ధరణి పోర్టల్ నడిచిన రోజుల్లో భూమి రికార్డుల్లో అనుభవదారు గడే లేకుండా పోయింది. 2011 నాటి సాగుదారుల చట్టం కింద ఇవ్వాల్సిన కార్డులు తెలంగాణలో ఆగిపోయాయి. ముఖ్యమంత్రి పొలంలో నిలబడి కౌలు రైతుకూ ఇవ్వాలన్నా, ఖాతా పట్టాదారుది. అతను మంచివాడైతే పంచుతాడు, కాకపోతే లేదు. మునిగిన పంటకు పెట్టుబడి పెట్టినవాడు ఒకడు, పరిహారం అందుకున్నవాడు మరొకడు. ఈ అన్యాయం ప్రతి వానకూ, ప్రతి రాళ్లవానకూ జరుగుతూనే ఉంది.

గుడి, మసీదు, చర్చి పెద్దలు ఇక్కడికి రావాలి. అన్నం పెట్టడానికి వెయ్యి చేతులున్నాయి. దరఖాస్తు రాసిపెట్టే చేతులు లేవు. చదువుకున్న కుర్రాళ్లు ఇద్దరు పది రోజులు తండాలో కూర్చుని పోయిన కాగితాల జాబితా రాస్తే, మీసేవకు తిప్పితే, పేరు తప్పిపోయినవాళ్లను తహసీల్దారు దగ్గరికి తీసుకెళ్తే, ఆ కుటుంబానికి దక్కే మేలు నెల రోజుల బియ్యం కంటే పెద్దది. బావిలో పూడిక తీయడం, బళ్లో బురద కడగడం, పశువులకు గడ్డి మోపులు తేవడం, పిల్లలకు మళ్లీ పుస్తకాలు కొనివ్వడం కూడా ఎవరూ ఫొటో తీయని పనులే. పరిహారం మాత్రం ఎవరి దయా కాదు, అది పన్నులు కట్టిన ప్రజల హక్కు. దాతలు ఎంత ఇచ్చినా సర్కారు ఇవ్వాల్సింది తగ్గకూడదు. ఎవరో ఆదుకున్నారుగా అని అధికారి కలం ఆగితే ఆ దానం పేదవాడికి నష్టమే చేసినట్టు.

2025 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గ్రామ పాలన అధికారులను నియమించి ఊళ్లకు పంపింది. కొడకండ్ల నుంచి విడిపోయి 2016లో మండలమైన పెద్దవంగర లాంటి చోట్ల ఆ అధికారి ఏటా మేలో, వానలు పడకముందే, ఊళ్లోని ప్రార్థనా స్థలాల పెద్దలందరినీ పంచాయతీ ఆఫీసులో ఒకచోట కూర్చోబెట్టాలి. అన్నిటికంటే ఎత్తులో ఉన్న హాలు ఏది, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ట్రాక్టర్లు ఎవరివి, గుండిగలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఏ తండాకు ఏ కమిటీ పోవాలి, మంచాన పడ్డవాళ్లు, నిండు గర్భిణులు ఏ ఇళ్లలో ఉన్నారు, ఏ చేను ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఇవన్నీ ఆ రోజే రాసుకోవాలి. కౌలు లెక్క మీద పట్టాదారు సంతకం కూడా అప్పుడే తీసుకోవాలి. ఆ జాబితా ఒక ప్రతి తహసీల్దారు దగ్గర, ఒక ప్రతి పంచాయతీ గోడ మీద ఉండాలి.